నాన్న వయొలిన్, మేడమీది బోనీ ఎం

1979 వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, మద్రాసు వడపళనిలో మేముంటున్న అద్దె ఇంటి మేడమీది వాటాలోంచి, అంతవరకూ నేనెన్నడూ వినని పాట ఒకటి మెట్ల మీదుగా కిందికి దిగి వచ్చింది. నాకప్పుడు పదేళ్లు. వసారాలో వామనగుంటల పీట ముందు కూర్చుని చింతగింజలు పంచుకుంటున్నదాన్ని, గుప్పిట్లో గింజలు అలాగే పట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్లాను. పైవాటాలో ఉండేవాళ్లది ఒంగోలు దగ్గరి పల్లె. వాళ్ల పెద్దబ్బాయి ఓడ మీద ఉద్యోగం చేసేవాడు. ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి ఇంటికి వచ్చే ఆ అన్నయ్య ఈసారి సింగపూరు నుంచి ఒక నేషనల్ పానసోనిక్ టేప్ రికార్డరు తెచ్చాడు. నేను గుమ్మంలో నిలబడిపోవడం చూసి, వాళ్లమ్మగారు, అంటే మేము అత్తయ్యగారూ అని పిలిచే ఆవిడ, "లోపలికి రామ్మా, అక్కడే నిలబడ్డావేం" అని చాప వేశారు.

అలా విన్న మొదటి పాట, బోనీ ఎం అనే విదేశీ బృందం పాడిన డాడీ కూల్. ఆడగొంతులు రెండు మూడు కలిసి పాడుతుంటే, వాటి అడుగున బావిలోంచి వస్తున్నట్టు లోతుగా ఒక మగగొంతు పలుకుతుంది. వాటన్నిటి మీదా వయొలిన్లు ఒక్కుమ్మడిగా వచ్చి వాలతాయి. భాష నాకు అర్థం కాలేదు. బడిలో చదివే ఇంగ్లీషుకూ ఆ పలుకుబడికీ పోలికే లేదు. అయినా పాట అయ్యేసరికి గుప్పిట్లోని చింతగింజలు చెమటకు తడిసి అరచేతికి అంటుకుని ఉన్నాయని మాత్రం నాకు బాగా జ్ఞాపకం.

నాన్న సినిమా ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో, అంటే 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారి ఆధ్వర్యంలో మొదలై, ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను నాదంతో పేరు తెచ్చుకుని, ఘంటసాల గారికి చదువు చెప్పిన ఆ కళాశాలలోనే, ఆయన నేల మీద కూర్చుని కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నారు. 1960లో మద్రాసు వచ్చాక కుర్చీలో కూర్చుని, గడ్డం కింద వయొలిన్ ఆనించుకుని, ఎదురుగా స్టాండు మీదున్న పాశ్చాత్య స్వరలిపి చూసి వాయించడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఉదయం కాల్షీటు ఉన్న రోజుల్లో తెల్లవారుజామునే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, పెట్టె పట్టుకుని కోడంబాకం వైపు వెళ్లిపోయేవారు. ఆ రోజుల్లో పాటంటే గాయకులూ వాద్యకారులూ ఒకే థియేటరులో ఒకేసారి కూర్చుని పాడి వాయించవలసిందే కనుక, ఎవరో ఒకరు చివరి చరణంలో తడబడితే అందరూ మళ్ళీ పల్లవి దగ్గరికి రావలసిందే.

ఆ మధ్యాహ్నం కాల్షీటు లేక ఇంట్లోనే ఉన్న నాన్న నన్ను వెతుక్కుంటూ మేడమీదికి వచ్చి, నాలాగే గుమ్మంలో ఆగిపోయారు. అన్నయ్య లేచి కుర్చీ వేశాడు. నాన్న కూర్చుని, "మళ్ళీ మొదటినుంచి పెట్టు బాబూ" అన్నారు. రెండోసారి పాట నడుస్తుండగా నావైపు వంగి, "ఎన్ని వయొలిన్లు ఉన్నాయో చెప్పు చూద్దాం" అని అడిగారు. నేను ఒకటన్నాను. నాన్న ముఖం వెలిగిపోయింది. "పది పన్నెండుకు తక్కువ ఉండవమ్మా. అందరూ ఒకే ఊపులో కమాను దించితే ఒకటిగానే వినిపిస్తుంది. అలా వినిపించడానికే మాకు జీతం" అన్నారు. కిందికి వచ్చాక పెట్టె తెరిచి, రోజిన్ అనే గట్టి బంకముక్కను రెండుసార్లు కమానుకు రుద్ది, ఆ వయొలిన్ల బాణీని ఒక్కరే వాయించి చూపించారు. మేడమీద విన్నదానికంటే సన్నగా, కొంచెం బెంగగా వినిపించింది. అది డిస్కో పాట అని ఆయనకు తెలియదు. ఆయనకు అది బాగా వాయించిన వయొలిన్ వరుస, అంతే. బోనీ ఎం మా ఇంట్లోకి ఆ దారినే వచ్చింది.

అన్నయ్య సెలవు అయిపోయి ఓడకు వెళ్లేటప్పుడు ఆ క్యాసెట్టు నాకిచ్చి, టేప్ రికార్డరు మాత్రం వాళ్లమ్మగారి దగ్గర ఉంచాడు. అందుచేత నేను పాట వినాలంటే రోజూ సాయంత్రం మేడెక్కవలసిందే. అత్తయ్యగారు విసుక్కోకుండా, ఒక్కొక్కప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, ఒక్కొక్కప్పుడు చేట పక్కన పెట్టి, నాతోపాటు వినేవారు.

రూళ్ల నోటుపుస్తకం ఒకటి ప్రత్యేకించి కొనిపించుకుని, నాకు తెలిసిందల్లా అందులో రాసుకునేదాన్ని. పశ్చిమ జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ అనే నిర్మాత 1975లో ఈ బృందానికి రూపం ఇచ్చాడని, ఒక ఆస్ట్రేలియన్ టీవీ సీరియల్‌లోని డిటెక్టివ్ పేరు చూసి బోనీ అని పెట్టాడని రాసుకున్నాను. లిజ్ మిచెల్, మార్సియా బారెట్ జమైకాలో పుట్టారు. మేజీ విలియమ్స్‌ది మాంట్‌సెరాట్. బాబీ ఫారెల్‌ది అరూబా. బడి అట్లాసులో జమైకా వెంటనే దొరికింది. వెనిజులా తీరం పక్కన అరూబాను భూతద్దం పెట్టి పట్టుకున్నాను. మాంట్‌సెరాట్ మా అట్లాసులో లేనే లేదు. అది ఎక్కడుంటుందో భూగోళం మాస్టారిని అడిగి తెలుసుకుని, నీలం రంగు సముద్రం మధ్యలో పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాను. చాలా ఏళ్లు ఆ దీవి నా మట్టుకు నేను పెట్టిన చుక్కే.

క్యాసెట్టు రెండో వైపున బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్ ఉండేది. 1978లో రివర్స్ ఆఫ్ బాబిలాన్ రికార్డుకు వెనకవైపు పాటగా వచ్చి, బ్రిటన్‌లో ముందువైపు పాట హోరు కాస్త తగ్గాక తానే ముందుకు వచ్చిన పాట అది. వెస్టిండీస్ దీవుల్లో చిన్నపిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, ఒక పాపను మధ్యలో నిలబెట్టి, నీ ఆట ఏదీ చూపించమని అడుగుతూ తిరిగే ఆటపాట అదని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మేము గుడుగుడు గుంచం ఆడుకునేవాళ్లం, ఒప్పులకుప్ప తిరిగేవాళ్లం. సముద్రాల అవతల కూడా పిల్లలు అలాగే తిరుగుతారనీ, ఆ పాటను పట్టుకువెళ్లి ప్రపంచమంతా వినేలా పాడవచ్చనీ నాకు అంతవరకు తోచలేదు. మా వీధి పిల్లలు ఆరుగురిని పోగేసి వసారాలో ఆ ఆట ఆడించాను. ఇంగ్లీషు ముక్కలు నోరు తిరగని తమిళ పిల్లలూ తెలుగు పిల్లలూ "ట్రలలలలా" దగ్గర మాత్రం ఎవరూ తప్పేవారు కాదు.

బాబీ ఫారెల్ గురించి చెప్పకుండా బోనీ ఎం గురించి చెప్పడం కుదరదు. గుబురు జుట్టూ, ఛాతీ కనిపించేలా తెరిచిన మెరుపు దుస్తులూ ఫోటోల్లో చూశానే గానీ, అతడు ఆడగా చూసింది 1983లో. పక్కవీధిలో ఎవరో వి.సి.ఆర్. అద్దెకు తెచ్చి, రాత్రంతా వరుసగా నాలుగు సినిమాలు వేస్తూ, మధ్యలో ఒక అరగంట బోనీ ఎం వీడియో వేశారు. రష్యా సన్యాసి రాస్‌పుటిన్ మీద కట్టిన పాటకు అతడు మోకాళ్ల మీద కూర్చుని, గాలిలోకి లేచి, ఒళ్లంతా ఎముకల్లేనట్టు వంచి, మళ్ళీ లేచి నిలబడి మైకు అందుకునే తీరు చూసి, నేను మాట రాక కూర్చుండిపోయాను. ఆ లోతైన గొంతుకు ఆ శరీరం తప్ప మరొకటి ఉండదని అనిపించింది.

సరిగ్గా అందుకే, మరుసటి ఏడాది లెండింగ్ లైబ్రరీలో దొరికిన ఒక పాత విదేశీ పత్రికలో, రికార్డుల మీద వినిపించే ఆ మగగొంతు బాబీది కాదనీ, ఆ గొంతు నిర్మాత ఫారియన్‌దేననీ, మేజీ విలియమ్స్ కూడా రికార్డుల్లో పాడలేదనీ, పాడింది లిజ్ మిచెల్, మార్సియా బారెట్ మాత్రమేననీ చదివినప్పుడు, కాళ్ల కింద నేల కదిలినట్టయింది. పత్రిక అక్కడే వదిలేసి ఏడుస్తూ ఇంటికి వచ్చాను. నాన్న కాల్షీటు ముగించుకుని వచ్చి అప్పుడే కంచం ముందు కూర్చున్నారు. నేను చెప్పిందంతా నిదానంగా విన్నారు. తరవాత, పప్పన్నం కలుపుతూనే, "మన ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పద్ధతి మీదే కదమ్మా" అన్నారు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. నిజమే కదా. రామారావు గారికీ నాగేశ్వరరావు గారికీ ఘంటసాల గారే పాడితే, ఆ పాట ఎవరిమీద చిత్రించారో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లం. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు, తెర మీద సోమయాజులు గారిని చూసి జనం చేతులు జోడించారు. ఆ గానం బాలసుబ్రహ్మణ్యం గారిదని ఆ జోడించిన చేతులవారందరికీ తెలుసు. తెలిసీ జోడించారు. ఒకరి గొంతూ మరొకరి ఒళ్లూ కలిసి మూడో మనిషిని తయారుచేయడమన్నది తెలుగువాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. నేను ప్రేమించింది ఆ మూడో మనిషిని. ఫారియన్ గొంతు ఒక్కటే వింటే నాకు అతడు కనిపించడు, బాబీ ఒక్కడూ మౌనంగా ఆడితే నాకు అతడు వినిపించడు.

అయితే ఒక్క తేడా ఉంది, దాన్ని నేను తక్కువ చేసి చెప్పలేను. మన గ్రామఫోను రికార్డు మీద, సినిమా టైటిల్స్‌లో నేపథ్య గాయకుల పేర్లు ఉంటాయి. అదే ఫారియన్ తరవాత తయారుచేసిన మిలీ వనీలీ జంట విషయంలో, రికార్డులో పాడినవాళ్లు వేరని బయటపడి, 1990లో ఇచ్చిన గ్రామీ పురస్కారాన్ని అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. అప్పుడు నేను కాలేజీ చదువు ముగించి ఉద్యోగంలో చేరాను. స్నేహితులు ఆ ఇద్దరు కుర్రాళ్లను తిడుతుంటే నాకు బాధ కలిగింది. గొంతు అరువిచ్చినవాడి పేరు చెప్పకపోవడమే అక్కడ జరిగిన తప్పని నేను ఆనాడూ వాదించాను, ఈనాడూ వాదిస్తాను. పేరు చెప్పి ఉంటే ఆ కుర్రాళ్లు మంచి నర్తకులుగా మిగిలేవారు.

పేరు లేకపోవడమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న ముప్పై ఏళ్లకు పైగా వాయించారు. ఆ పాటలు ఇప్పటికీ పెళ్లిళ్లలో, బస్సుల్లో, టీ కొట్లలో మోగుతూనే ఉన్నాయి. ఒక్క రికార్డు అట్ట మీద కూడా ఆయన పేరు లేదు. రేడియోలో పాట వస్తుంటే, వంటింట్లోంచి అమ్మ, "ఇది మీరేనా?" అని అడిగేది. "మేమే" అనేవారు నాన్న. ఎన్నడూ "నేనే" అనలేదు. బోనీ ఎం రికార్డుల్లో ఆ తీగవాద్యాల వరుసలు కూర్చింది స్టెఫాన్ క్లింక్‌హామర్ అని నాకు చాలా కాలానికి తెలిసి, ఆ పేరు ఒక కాగితం మీద తెలుగులో రాసి నాన్నకు ఇస్తే, ఆయన దాన్ని మడిచి వయొలిన్ పెట్టెలో రోజిన్ పక్కన పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

రివర్స్ ఆఫ్ బాబిలాన్ నాకు అర్థమైంది అత్తయ్యగారి వల్ల. ఒక సాయంత్రం ఆ పాట వస్తుండగా ఆవిడ తలెత్తి, "ఇది మా కీర్తనల్లోదే" అని, అలమారలోంచి నల్ల అట్ట బైబిలు తీసి, 137వ కీర్తన చదివి వినిపించారు. చెరపట్టబడిన జనం బబులోను నదుల ఒడ్డున కూర్చుని సీయోనును తలచుకుని ఏడ్చారు. పరాయి నేల మీద మా దేవుని పాట ఎలా పాడగలమని అడిగారు. పాటలో రాని ఒక మాట కూడా ఆ కీర్తనలో ఉంది. వాళ్లు తమ సితారాలను ఆ ఒడ్డున ఉన్న చెట్లకు తగిలించేశారు. ఈ పాటను మొదట 1970లో జమైకాలో మెలోడియన్స్ అనే బృందం పాడిందనీ, ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడినవారి సంతతి తమ దుఃఖాన్ని ఆ కీర్తనలో చూసుకుందనీ తరవాత చదివాను. అంత దుఃఖాన్ని బోనీ ఎం చప్పట్లు కొట్టించే పాటగా ఎందుకు పాడిందని ఆక్షేపించినవాళ్లున్నారు. లిజ్ మిచెల్ గొంతు శ్రద్ధగా విన్నవాళ్లు ఆ మాట అనరని నా నమ్మకం. ఆవిడ ఆ మొదటి పదాలను ఎత్తుకునే తీరులో చప్పట్లకు లొంగని బరువు ఒకటి ఉంది.

ఆ సితారాల మాట నాకు 1990ల్లో మళ్ళీ గుర్తొచ్చింది. తెలుగు సినిమా కొద్దికొద్దిగా హైదరాబాదుకు తరలిపోయింది. మిగిలిన రికార్డింగుల్లో ఇరవై వయొలిన్ల పని ఒక కీబోర్డు చేయసాగింది. పాండీబజారులో సాయంత్రం కాఫీ తాగుతూ మాట్లాడుకునే నాన్న స్నేహితులు ఒక్కొక్కరే ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు. నాన్న వెళ్లలేదు. ముప్పై ఏళ్లు బతికిన ఊరు పరాయిది ఎలా అవుతుందని అడిగేవారు. 1996లో మద్రాసు పేరు చెన్నై అయిన ఏడాదికి ఆయనకు నెలకొక కాల్షీటు కూడా లేదు. ఒక రోజు పెట్టెను తుడిచి, బీరువా మీద పెట్టి, పాత దుప్పటి కప్పారు. ఆ రాత్రి నేను ఆ పాట పెట్టుకోలేకపోయాను.

నా దగ్గరున్న బోనీ ఎం వస్తువుల్లో అన్నిటికంటే విలువైనది మూర్ మార్కెట్లో కొన్నది. 1984లో, పరీక్ష ఫీజు కట్టగా మిగిలిన డబ్బుతో, పాత పుస్తకాల గుట్టల మధ్య కూర్చున్న ఒక ముసలాయన దగ్గర, నైట్‌ఫ్లైట్ టు వీనస్ ఎల్.పి. రికార్డు పదిహేను రూపాయలకు కొన్నాను. మా ఇంట్లో రికార్డు ప్లేయరు లేదు. అట్ట మూల కొరుక్కుపోయి, లోపల బొద్దింకల మందు వాసన వేసేది. వినడానికి వీల్లేని ఆ నల్లపలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, గాడుల్లో ఎక్కడ వయొలిన్లు మొదలవుతాయో కంటితో వెతికేదాన్ని. మరుసటి ఏడాది మే నెలాఖరులో మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ ముసలాయన ఏమయ్యాడో తెలియలేదు. ఆ రికార్డును మొదటిసారి విన్నది 1987లో, నాన్న స్నేహితుడైన ఒక సౌండ్ ఇంజినీరు గారి ఇంట్లో. గీతల చప్పుడు పాటతో సమానంగా వచ్చింది. అయినా అంత చక్కగా ఆ పాటలు మరెప్పుడూ వినలేదు.

బృందం 1986లోనే విడిపోయింది. తరవాత ఎవరికి వారు ఆ పేరుతోనే కచేరీలు చేశారు. నేను ఏ కచేరీకీ వెళ్లలేకపోయాను.

2010 డిసెంబరు చివర్లో చెన్నైలో కచేరీల సీజను జోరుగా నడుస్తున్నప్పుడు, మైలాపూరులో ఒక సభ నుంచి బయటికి వస్తుండగా, తమ్ముడు ఫోను చేసి, "అక్కా, మీ బాబీ పోయాడటే" అన్నాడు. ముందురోజు సాయంత్రం వేదిక మీద పాడి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హోటల్ గదిలో డిసెంబరు 30న కన్నుమూశాడు. వయసు 61. రాస్‌పుటిన్ హత్య జరిగింది కూడా ఆ ఊళ్లోనే, 1916లో అదే తేదీన. 1978 డిసెంబరులో బోనీ ఎం మాస్కోలో కచేరీలు చేసినప్పుడు రాస్‌పుటిన్ పాటొక్కటీ అక్కడ పాడలేదు. ఇన్ని కలిసిరావడం చూసి లోకం ఆశ్చర్యపోయింది. నాకు మాత్రం, ఒంట్లో బాగాలేకపోయినా ముందురోజు రాత్రి దాకా జనం ముందు నిలబడ్డాడన్న మాటే మనసులో నిలిచింది. ఎవరి గొంతైతేనేం, ఆ పాటను ముప్పై ఏళ్లకు పైగా ఒంటిమీద మోసినవాడు అతడే. ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుని, చాలాసేపు ఏడ్చాను.

2021లో రాస్‌పుటిన్ పాట కొత్త మిక్సులో మళ్ళీ పిల్లల ఫోన్లలోకి వచ్చినప్పుడు, మా అమ్మాయి దాన్ని నాకు చూపించి, "అమ్మా, ఇది నీ పాటే కదా" అంది. సంతోషించాను. ఆ మిక్సులో నాకు కావలసినవి అన్నీ లేవు, ఉన్నవి మాత్రం నిజమైనవే.

ఫ్రాంక్ ఫారియన్ 2024 జనవరి 23న మయామీలో, 82 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు సాయంత్రం నేను వలసరవాక్కంలో నాన్న గదిలో ఉన్నాను. ఆయనకు 88 వచ్చాయి. చెవి యంత్రం లేకపోతే మాట వినపడదు. పెట్టినా పక్షులు కూసినట్టు చప్పుడవుతుందని తీసేస్తూ ఉంటారు. "నాన్నా, ఆ గొంతు పోయిందట, డాడీ కూల్‌లో మగగొంతు" అని చెప్పాను. ఒక క్షణం ఎవరా అని చూసి, "మేడమీది పాటా?" అన్నారు. ఆ మేడా లేదు, ఆ ఇల్లూ లేదు. అత్తయ్యగారు పోయి ఇరవై ఏళ్లు దాటింది.

చెవి యంత్రం సరిచేసి, చిన్న స్పీకరు ఆయన దిండు పక్కన పెట్టి, పాట మొదలుపెట్టాను. ఆడగొంతులు వచ్చినప్పుడు ఆయనలో కదలిక లేదు. వయొలిన్లు వచ్చేసరికి, దుప్పటి మీద ఉన్న ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే లేచి, దుప్పటి మడతను తీగలాగా నొక్కడం మొదలుపెట్టాయి. కుడిచెయ్యి మాత్రం లేవలేదు, భుజం నొప్పి. నేను ఆయన చెవి దగ్గరికి వంగి, "ఎన్ని వయొలిన్లు నాన్నా?" అని అడిగాను. మాట్లాడవద్దన్నట్టు చూపుడువేలు ఎత్తారు. పాట పూర్తయ్యేవరకు ఆ వేలు దించలేదు.

"మళ్ళీ మొదటినుంచి పెట్టమ్మా" అన్నారు.